సున్నం బకెట్టుతో మడ అడవికి

నవంబరులో వచ్చే సమాధుల పండుగకు మా మేనత్త సువర్ణ ఏటా వాళ్ళమ్మ, అంటే మా నానమ్మ సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి వస్తుంది. మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళు మానేసింది. ఈసారి నాన్నకు సెలవు దొరక్క తోడుగా నన్ను పంపారు. ఆ సమాధి గోదావరి సముద్రంలో కలిసేచోట, పాతరేవు మడ అడవిలో ఉంది.

సాయంత్రం సీతాఫల్‌మండిలో ఆటో ఎక్కి సికింద్రాబాద్ స్టేషనుకు, అక్కడ కాకినాడ బండి. పొడి సున్నం, కుంచె ఉన్న బకెట్టును బెర్తు కిందికి తోశాను. మౌలాలి నుంచి వచ్చిన ఎదురు సీటాయన ఉండబట్టలేకపోయాడు.

"సముద్రం జూడనీకి బకెట్ ఎందుకే తమ్మీ? నీళ్ళు తెస్తవా ఏందీ?"

"లేదన్నా, సున్నం. సముద్రం జెర మాసిందట."

పొద్దున ఏడింటికి కాకినాడ. స్టేషను బయట ఇడ్లీ తిని, ఎనిమిదింటి బస్సు పట్టుకుంటే పది లోపు అడవి గేటు దగ్గర దిగాం.

ఒకప్పుడు ఇక్కణ్ణుంచి రంగూనుకు ఓడలు వెళ్ళేవి. తుఫాను కొంత, ఒండ్రు కొంత రేవును పూడ్చేశాయి. మిగిలిన ఊళ్ళో తాతయ్య బడిపంతులు. తర్వాత దీన్ని అభయారణ్యం అన్నారు, ఊరిని రోడ్డు అవతలికి జరిపారు. సమాధులకు ఎవరూ నోటీసు ఇవ్వలేదు కాబట్టి అవి కదల్లేదు.

ఏం పని మీద వచ్చారని గేటు కాపలాదారు అడిగాడు. చూడ్డానికి అంటే సరిపోయేది. అత్త రిటైరైన టీచరు. ప్రశ్న వినబడితే పూర్తి జవాబు చెప్పకుండా ఉండలేదు.

"మా అమ్మ సమాధికి సున్నం వేయడానికి వచ్చాను బాబూ."

"సున్నమంటే నిర్మాణ పనండి. లోపల కుదరదండి. ఆఫీసు అనుమతి తేవాలండి. ఇవాళ ఆఫీసు సెలవండి."

అతని వెనకాలే ఒకాయన సిమెంటు మొసలికి పచ్చ రంగు పూస్తున్నాడు.

"మరి అదేంటన్నా?" అన్నాను.

"అది శాఖవారి మొసలండి."

అంతలో కార్తీక వనభోజనాల బస్సొకటి వచ్చింది. నా ఎత్తు సౌండు బాక్సు, కట్టలకొద్దీ థర్మోకోల్ పళ్ళేలు సగౌరవంగా లోపలికి వెళ్ళాయి. అడవికి ముప్పల్లా మా బకెట్టే. నాకు ఒళ్ళు మండిపోయింది. దాన్ని గేటు దగ్గరే వదిలి టికెట్లు కొన్నాం. పెద్దలకు ఒక రేటు, పిల్లలకు ఒక రేటు ఉన్నాయి. కన్నతల్లిని చూడవచ్చిన కూతురికి వేరే రేటేమీ లేదు.

చెక్కబాట చివర, మడ వేళ్ళ మధ్య సమాధి ఒక పక్కకు ఒరిగింది. నాచు పట్టి పేరు కనిపించడం లేదు. అత్త కింద కూర్చుని సీసాలో నీళ్ళు పోసి, చేతిరుమాలుతో ఒక్కో అక్షరం రుద్దుతోంది. వెనక సౌండు బాక్సు మా పక్కటెముకల్ని వాయిస్తోంది.

వనభోజనాల గుంపులోంచి ఒకావిడ వచ్చి చూసింది. "ఎవరండీ ఇక్కడ?"

"మా అమ్మ."

ఆవిడ గబగబా వెనక్కి వెళ్ళింది. పాట మధ్యలోనే ఆగిపోయింది. ఆ అభయారణ్యంలో నాకు మొదటిసారి పక్షి కూత వినిపించింది. కాకే అనుకోండి.

చూడదగ్గ చోటే. వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి. గేటు దగ్గర నిజం మాత్రం చెప్పకండి. తిరుగు బండిలో నేనింకా కాపలాదారును తిడుతూనే ఉంటే అత్త నవ్వింది.

"అసలు మా అమ్మకి తెలుపంటే పడదురా. ఇన్నేళ్ళూ మేమే పూస్తున్నాం."

"ఇంకేం, వచ్చే ఏడు సున్నం మానేద్దాం."

"ఎందుకు మానాలి? వద్దనాలంటే అమ్మ అనాలి. వాళ్ళెవరు?"