హొరేస్ బాయ్‌కిన్ సంతకం

షికాగో దక్షిణం వైపు కార్వర్ వీధిలో ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో ప్రభుత్వానికి తెలియకపోవచ్చు గానీ, ఎర్నెస్టీన్ టాలివర్‌కి తెలుసు. ఎవరు ఎవరితో మాట్లాడరో, ఎవరి కొడుకు జైల్లో ఉన్నాడో, ఎవరు వస్తాం వస్తామని చెప్పి పోలింగ్ రోజున ముసుగుతన్ని పడుకుంటారో అన్నీ తెలుసు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ వీధి బూత్‌కి ఆవిడే కెప్టెన్, అంటే కౌన్సిలర్ తరఫున ఇల్లిల్లూ తిరిగి ఓట్లు వేయించే మనిషి. జీతం లేదు, కుర్చీ లేదు. ఉన్నదల్లా ఒక సంచీ, ఓటర్ల జాబితా, మంచులో జారని బూట్లు.

ఈ కొలువు ఎలా వచ్చిందంటే, మొగుడు పోయిన ఏడాది చంకలో పిల్లతో దిక్కుతోచక నిలబడితే, అప్పటి కౌన్సిలర్ పెద్ద క్రచ్‌ఫీల్డ్ బడి వంటింట్లో పని ఇప్పించాడు. "నువ్వు మా మనిషివమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆవిడ బతుకంతా రాసిచ్చేసింది. పెద్దాయన పోయి కొడుకు డెల్బర్ట్ ఆ కుర్చీ ఎక్కినా ఉప్పు తిన్న విశ్వాసం మాత్రం పోలేదు. కూతురు యోలాండాకి నగరపాలక సంస్థ చెత్త లారీ మీద డ్రైవరు ఉద్యోగం ఇప్పించింది ఆ కొడుకే. ఇంకేం, ముడి మీద ముడి పడింది.

ఎదురింటి ఒడెల్లా బాయ్‌కిన్ ఆవిడకి నలభై ఏళ్ళ స్నేహితురాలు. చర్చిలో ఒకే బల్ల, వంటింట్లో ఒకే కబుర్లు. పొద్దున్న ఏడున్నరకి ఎవరో ఒకరు ఫోన్ చేయకపోతే రెండోవాళ్ళకి కాఫీ దిగదు. ఒడెల్లా రెండు షిఫ్టులు పనిచేసే రోజుల్లో కూతురు షరీస్‌కి జడలు వేసి బడికి పంపింది ఎర్నెస్టీనే.

ఆరేళ్ళ కిందట ఒడెల్లా భర్త హొరేస్‌కి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. మాట పోయింది, కళ్ళు మాత్రం మిగిలాయి. ఆ ఏడాది ఎన్నికలకి ఆయన పేరు మీద పోస్టల్ బ్యాలెట్ వస్తే ఎర్నెస్టీన్ దాన్ని వంటింటి బల్ల మీద పరిచింది.

"ఊఁ, కానివ్వవే ఒడెల్లా. ఇక్కడ క్రచ్‌ఫీల్డ్‌కి గుర్తు పెట్టు, ఇక్కడ సంతకం."

"ఆయన పేరు నేను పెట్టడమేంటే? తప్పేమో."

"మొగుడి చెయ్యి లేవకపోతే పెళ్ళానికి చెయ్యి లేదా? ఫించను కాగితాల మీద పెడుతున్నావు, ఆసుపత్రి కాగితాల మీద పెడుతున్నావు. ఇదొక్కటీ తప్పొచ్చిందా? తప్పయితే నా నెత్తిన వెయ్యి."

ఒడెల్లా పెట్టింది. ఆ ఏడాదే కాదు, వచ్చిన ప్రతి ఎన్నికకీ పెట్టింది. అలాంటి పోస్టల్ ఓట్లు ఆ వీధి నుంచే నలభైకి పైగా వెళ్ళేవి. పోయినసారి డెల్బర్ట్ క్రచ్‌ఫీల్డ్ గెలిచింది ముప్ఫై ఒక్క ఓట్ల తేడాతో.

అంత చేసినందుకు కార్వర్ వీధికి దక్కిందేమిటయ్యా అంటే, సీసపు గొట్టాల నీళ్ళు. నూరేళ్ళనాటి గొట్టాలు. పిల్లల రక్తంలో సీసం ఉందని డాక్టర్లు చీటీలు రాసిస్తే, తల్లులు కొనుక్కున్న సీసా నీళ్ళతో అన్నాలు వండుకుంటున్నారు. గొట్టాలు మార్చమని అడిగితే వచ్చే ఏడాది అంటాడు క్రచ్‌ఫీల్డ్. నాలుగేళ్ళుగా ఆ వచ్చే ఏడాది రాలేదు. కొత్త అపార్టుమెంట్లు లేచిన నాలుగు వీధుల్లో మాత్రం చకచకా తవ్వి మార్చేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య!

షరీస్ స్కూలు బస్సు నడుపుతుంది. రోజూ ఆ పిల్లల్నే ఎక్కించుకుని, ఆ పిల్లల్నే దింపుతుంది. ఒకరోజు కడుపు మండి, "నేనే నిలబడతాను" అంది. కౌన్సిలర్‌గా నామినేషన్ వేయాలంటే ఆ వార్డు ఓటర్ల సంతకాలు నాలుగు వందల డెబ్భై మూడు కావాలి. షరీస్ డ్యూటీ దిగాక ఇల్లిల్లూ తిరిగి ఏడు వందల తొంభై తెచ్చింది. నవంబరు చలిలో ముక్కు ఎర్రబడి, కాగితాల కట్ట గుండెలకి హత్తుకుని తిరిగేది.

క్రచ్‌ఫీల్డ్‌కి నిద్ర పట్టలేదు. ఎర్నెస్టీన్‌ని వార్డు ఆఫీసుకి పిలిపించి, తనే కాఫీ కలిపి ఇచ్చాడు.

"యోలాండాకి పని ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉంది బాబూ. నీ దయ."

"దయేముందిలే. మనవాళ్ళని మనం చూసుకోవాలి, మనల్ని మనవాళ్ళు చూసుకోవాలి. అంతేగా?"

అంతే. బెదిరించలేదు, గొంతు పెంచలేదు. పక్కన కూర్చున్న లాయరు ఒక కాగితం ముందుకి తోశాడు. షరీస్ బాయ్‌కిన్ సంతకాల మీద అభ్యంతరం. అభ్యంతరం పెట్టే ఓటరు పేరు ఎర్నెస్టీన్ టాలివర్. వీళ్ళ పద్ధతే అంత. కౌన్సిలర్ చేతికి మట్టి అంటకూడదు, మరొకరి చెయ్యి కావాలి.

ఆవిడ మనసు వెనక్కి లాగింది, లాగలేదని అనను. కానీ లెక్క వేసుకుంది. ఏడు వందల తొంభైలో ఎన్ని కొట్టేసినా పిల్ల గట్టెక్కుతుంది. నా సంతకం ఒక తంతు, దాని నామినేషనూ ఉంటుంది, నా కూతురి ఉద్యోగమూ ఉంటుంది. అలా సర్దిచెప్పుకుని పెట్టేసింది. తర్వాత నాలుగు రోజులు ఎర్ర పెన్సిలు పట్టుకుని షరీస్ కాగితాలు వరసగా చూసింది. ఈయన ఇల్లు మారిపోయాడు, ఈ పిల్లకి ఓటు నమోదు కాలేదు, ఈవిడ పక్క వార్డు. ఆవిడకి తెలియనిది ఏముంది? ఒక కాగితం మీద ఒడెల్లా సంతకం, దాని కింద హొరేస్ సంతకం కనబడ్డాయి. రెండూ ఒకే చేతివి. ఎర్నెస్టీన్ పెన్సిలు ఎత్తి, ఆ వరస దాటేసి కిందికి పోయింది. స్నేహానికి ఆ మాత్రం చేశాననుకుంది.

నోటీసు షరీస్ ఇంటికి చేరిన సాయంత్రం ఆ పిల్ల బస్సు డ్రైవరు కోటుతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆంటీ, పైన మీ పేరుంది. పొరపాటున పడిందా?"

"అదొక పద్ధతమ్మా. ప్రతిసారీ ఎవరో ఒకరి మీద వేస్తారు. నీకు బోలెడున్నాయి కదా, భయమెందుకు?"

"భయం కాదు ఆంటీ. అమ్మ ఆ కాగితం చూసి ఇప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అందుకని వచ్చాను."

మర్నాడు ఏడున్నరకి ఫోన్ మోగలేదు. ఎర్నెస్టీన్ చేద్దామని తీసి, ఏం చెప్పాలో తెలియక పెట్టేసింది.

విచారణ డిసెంబరులో, ఊరి నడిబొడ్డున ఒక నేలమాళిగ గదిలో జరిగింది. ఎనిమిది రోజులు ఒక్కొక్క వరసా చూశారు. వంద పోయాయి, రెండు వందలు పోయాయి, మూడు వందలు దాటాయి. చివరికి తేలింది నాలుగు వందల డెబ్భై మూడు. సరిగ్గా కావలసినన్ని. షరీస్ తల్లి చెయ్యి పట్టుకుంది. ఎర్నెస్టీన్ కూడా లోపల్లోపల, హమ్మయ్య, దేవుడున్నాడు అనుకుంది.

అప్పుడు లాయరు లేచాడు. ఒక కాగితం మీద ఆరో వరస, ఏడో వరస ఒకే చేతివిలా ఉన్నాయన్నాడు. అభ్యంతరం పెట్టిన టాలివర్ గారిని సాక్షిగా అడుగుతానన్నాడు. వెనక వరసలో క్రచ్‌ఫీల్డ్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఎర్నెస్టీన్ చెయ్యెత్తి ప్రమాణం చేసింది.

"హొరేస్ బాయ్‌కిన్ మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎన్నాళ్ళుగా?"

"నలభై ఏళ్ళుగా."

"ఆయన తన పేరు తాను రాయగలరా?"

రాయగలడేమో, నాకు తెలియదు అంటే సరిపోయేది. ఒక్క మాట. బతుకంతా చర్చిలో కూర్చున్నావిడ, ప్రమాణం చేసి అబద్ధం ఆడలేకపోయిందని తర్వాత ఎవరైనా అంటే నేను నమ్మను. వెనక వరస గుర్తుంది ఆవిడకి, యోలాండా గుర్తుంది.

"రాయలేడు. కుడిచెయ్యి పడిపోయి ఆరేళ్ళయింది."

విచారణ అధికారి ఒక ముసలావిడ. జలుబుతో ముక్కు తుడుచుకుంటూ ఒడెల్లాని అడిగింది.

"ఈ సంతకం మీరు పెట్టారామ్మా?"

"పెట్టాను. కాగితం ఆయనకి చదివి వినిపించాకే పెట్టాను. కూతురి పేరు వినగానే ఆయన కళ్ళు నవ్వాయి. సొంత కూతురికి తండ్రి సంతకం వద్దా అనుకున్నాను."

"ఒకరి సంతకం ఇంకొకరు పెట్టకూడదమ్మా. పెట్టొచ్చని మీకెవరైనా చెప్పారా?"

గదిని వెచ్చబెట్టే ఆవిరి గొట్టం టకటకమంటోంది. ఒడెల్లా తల తిప్పి ఎర్నెస్టీన్ వైపు చూసింది. ఆరేళ్ళనాటి వంటింటి బల్ల ఇద్దరికీ మధ్యలో ఉంది. ఆ మాట బయట పడితే ఎర్నెస్టీన్ పరువూ, నలభై పోస్టల్ ఓట్లూ, వాటి మీద నిలబడ్డ క్రచ్‌ఫీల్డూ అన్నీ ఒక్కసారే కూలిపోతాయి. ఎర్నెస్టీన్ కళ్ళు మూసుకుంది.

"ఎవరూ చెప్పలేదమ్మా. నాకే తోచింది" అంది ఒడెల్లా.

నాలుగు వందల డెబ్భై రెండు. షరీస్ పేరు తీసేశారు.

ఆ చలికాలమంతా ఎర్నెస్టీన్ ఆ ఒక్క మాటనే పట్టుకుని బతికింది. నేను ద్రోహం చేశాను, అయినా అది నా పేరు చెప్పలేదు. ఇప్పటికీ నేనంటే దానికి ప్రాణం. కాస్త కోపం చల్లారనీ, వెళ్ళి కాళ్ళ మీద పడతాను, ఈ పాపం కడుక్కుంటాను. ఇలా రోజుకి పదిసార్లు అనుకునేది. యోలాండా లారీ దిగి వచ్చి, "అమ్మా, ఎదురింటివాళ్ళు నన్ను చూసి కూడా తలతిప్పుకుంటున్నారే. ఏం చేశావే?" అంటే, "నోరు మూసుకుని తిను" అనేది.

ఫిబ్రవరి వచ్చింది. మేయరు పదవికి ఐదుగురు కొట్టుకుంటున్నారు, వాళ్ళ బొమ్మలు మంచులో తడిసి గోడల మీంచి వేలాడుతున్నాయి. కౌన్సిలర్ పదవికి ఒకటే పేరు. ఎవరూ కొట్టుకోనక్కర్లేదు. అయినా ఓట్లు తక్కువ పడితే నామర్దా అని క్రచ్‌ఫీల్డ్ కెప్టెన్లందరినీ వీధుల్లోకి తోలాడు.

ఎన్నికకి వారం ఉందనగా ఎర్నెస్టీన్ పాకం కేకు చేసింది, ఒడెల్లాకి ఇష్టమని. పళ్ళెం మీద గుడ్డ కప్పి, భుజాన సంచితో ఎదురింటి మెట్లెక్కింది. వరండాలో నీళ్ళ సీసాల పెట్టెలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. తలుపు నాలుగు వేళ్ళ మేర తెరుచుకుంది. గొలుసు తీయలేదు.

"చెప్పండి" అంది ఒడెల్లా.

"చెప్పండేంటే, నేను!"

"కనబడుతూనే ఉంది. చెప్పండి."

ఎర్నెస్టీన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. "ఆ రోజు నువ్వు నా పేరు చెప్పలేదే. చెప్పి ఉంటే నా బతుకు బజారున పడేది. నీ మేలు చచ్చినా మర్చిపోను. నన్ను తిట్టు, కొట్టు. ఆ గొలుసు తియ్యి."

ఒడెల్లా గొలుసు ముట్టుకోలేదు.

"నీ కోసం చెప్పలేదనుకున్నావా?" అంది. "అయ్యో పిచ్చిదానా! నా పక్కన నా కూతురు కూర్చుని ఉంది. వాళ్ళ నాన్న ఓటు ఆరేళ్ళపాటు నీ సంచిలో వేశానని, ఆ ఓట్లతోనే ఆ దొంగ గెలిచి మాకు ఈ నీళ్ళు తాగిస్తున్నాడని దాని ముందు ఏ మొహంతో చెప్పను? సిగ్గేసి నోరు మూసుకున్నాను. నిన్ను తలుచుకోలేదు."

"ఒడెల్లా..."

"దానికి ఇంకా తెలియదు. నేను పోయేదాకా తెలియకూడదు. నువ్వు ఈ మెట్లెక్కితే ఎందుకొచ్చిందని అది అడుగుతుంది. అందుకని రావద్దు."

తలుపు పడింది. కేకు ఎర్నెస్టీన్ చేతిలోనే ఉండిపోయింది. చలికాలమంతా కప్పుకున్నది ఒక్క క్షణంలో ఎవరో లాగేసినట్టయింది. మెట్లు దిగింది గానీ ఇంటికి పోలేదు. జాబితాలో ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి.

పక్కిల్లు ముసలాయన పర్విస్‌ది. ఒంటిగాడు. కెప్టెన్‌ని చూసి సంబరపడి తలుపు బార్లా తెరిచాడు.

"రావమ్మా రా! కేకు కూడా తెచ్చావే! ఓటు కాగితం పోస్టులో వచ్చింది, ఎక్కడో పెట్టాను. ఏమిటలా ఉన్నావు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాను. ఏదీ, కాగితం తియ్యి."

"ఈసారి నా చెయ్యి మరీ వణుకుతోందమ్మా. పెన్ను నిలవడం లేదు. నువ్వే కానిచ్చెయ్."

ఎర్నెస్టీన్ కేకు బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళజోడు తడిసి ఉంటే మెడ శాలువాతో తుడుచుకుని పెట్టుకుంది. కౌన్సిలర్ గడిలో ఉన్న ఒక్క పేరుకి గుర్తు పెట్టింది. కింద గీత మీద పెన్ను ఆనించి ఒక్క నిమిషం ఆగింది. పర్విస్ అప్పటికే చెంచా వెతుక్కుంటున్నాడు. ఆవిడ ఆయన పేరు రాసి, కవరు అంటించి, సంచిలో వేసుకుంది.