పక్కింటి అక్క వదిలేసిన క్యాచ్

నా చిన్నప్పుడు కెనడాలోని గ్వెల్ఫ్‌లో ఉన్న తెలుగు కుటుంబాలన్నీ వేసవి ఆదివారాల్లో పార్కులో కలిసేవి. పులిహోర తిన్నాక బేస్‌బాల్. నాన్నలందరూ క్రికెట్‌తో పెరిగినవాళ్లు. బంతి గాల్లోకి లేస్తే పట్టుకోవాలి, అంతకుమించి వాళ్లకు ఏమీ తట్టేది కాదు.

అందరికంటే చిన్నదాన్ని నేను. బంతి నా చేతిలో నిలిచేది కాదు. ఆ రోజు మనుషులు తక్కువై నన్ను మూడో బేస్ దగ్గర నిలబెట్టారు. ఇవాళ కూడా వదిలేస్తే ఇకనుంచి అమ్మ పక్కన కూర్చుని చూడమని మా నాన్న ముందే చెప్పేశారు. బంతి ఇటు రాకుండా చూడు దేవుడా అని దండం పెట్టుకున్నాను.

ఆఖరి ఇన్నింగ్స్. ఒక్క పరుగు ముందున్నాం. అవతలివాళ్లలో ఒకరు అప్పటికే ఔట్, ఇద్దరు మొదటి, రెండో బేస్‌ల మీద ఉన్నారు. మూడు ఔట్లయితే ఆట ముగిసినట్టే. బంతి వేస్తున్నది మా పక్కింటి అక్క, యూనివర్సిటీలో చదివేది. పక్క ఊరు వాటర్లూ నుంచి వచ్చిన ఒక అంకుల్ బ్యాట్ అడ్డం పెట్టి బంతిని మెల్లగా తాకించబోయారు. దాన్నే బంట్ అంటారు. అది కాస్తా పైకి లేచింది. నాన్నలంతా పట్టు పట్టు అని ఒకటే అరుపులు. ముందుకు పరుగెత్తితే, బంతి పట్టేశాక వెనక్కి రాలేమని రన్నర్లు బేస్‌లకు అతుక్కుపోయారు. అంకుల్ అయితే ఔటైపోయాననుకుని, క్రికెట్ అలవాటుగా, బ్యాట్ చంకన పెట్టుకుని వెనుదిరిగారు కూడా.

అక్క చేయి చాచలేదు. బంతిని తాకకుండా గడ్డి మీద పడనిచ్చింది. నేల తాకాక, వెనక వచ్చే బ్యాటర్‌కి చోటివ్వాలి కనుక రన్నర్లు తర్వాతి బేస్‌కి పరుగెత్తక తప్పదు. బంతి అక్కడికి ముందు చేరితే ఔట్. అక్క దాన్ని తీసి నాకు విసిరింది. ఎలా పట్టుకున్నానో నాకే తెలియదు. "సెకండ్‌కి వెయ్యి, కంగారు పడకు" అంది. వేశాను. ఇద్దరూ ఔట్, ఆట అయిపోయింది.

అంకుల్ ఒప్పుకోలేదు. తేలిక క్యాచ్‌ని కావాలని వదిలేసి ఇలా ఇద్దరిని ఔట్ చేయకుండా ఒక రూల్ ఉందని, దాని పేరు ఇన్‌ఫీల్డ్ ఫ్లై అని, బంతి గాల్లో ఉండగానే బ్యాటర్‌ని ఔట్ ఇచ్చేయాలని వాదించారు.

"రూల్ కరెక్టే అంకుల్. బంట్‌కి మాత్రం అప్లై అవ్వదు. అందుకే పడనిచ్చాను" అంది అక్క.

అందరూ పైకి చూస్తున్న ఆ కాస్త సేపట్లో రూల్ గుర్తు తెచ్చుకుని, ఎవరెక్కడ ఉన్నారో చూసుకుని, చేయి ఆపుకోవడం. ఒక మనిషి బుర్రలో ఇన్ని పడతాయా అని అబ్బురపడ్డాను.

ఇంటికి వెళ్తూ అడిగాను, నేను వదిలేసి ఉంటే ఏం చేసేదానివని. అక్క నన్ను వింతగా చూసింది. ఆ సంగతి తనకు తట్టనే లేదంది.

తర్వాత నేను సర్జన్నయ్యాను. మొదటిసారి కుట్లు వేయాల్సిన జూనియర్ డాక్టర్లు, మీరే వేయండి మేడమ్ అనేవాళ్లు. సూది వాళ్లకిచ్చి నేను వెనక్కి జరిగేదాన్ని, మా అక్కను చూశాను కనుక.