ఆ రెండో ఆయన ఏమవుతాడు?

పళ్లసెట్లు తయారుచేసే ఆవిడను ఇంట్లోవాళ్ళు లాయరమ్మ అని పిలవడానికి కారణం ఆమె న్యాయశాస్త్రం చదవడం కాదు. కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే సినిమాలు చూసి, ఆ కథలను బోనెక్కించి అడ్డప్రశ్నలు వేయడం. ఆ బిరుదు ఇచ్చింది ఆమె అన్నయ్య. సన్మానసభ లేదు, శాలువా లేదు. వంటింట్లో టీ కప్పు చేతికిస్తూ, "తాగు లాయరమ్మా, గొంతెండిపోయింది" అన్నాడు. పేరు అంటుకుపోయింది.

దంతవైద్యులు పంపిన అచ్చుల్లో మైనం పోసి, పళ్లు ఒక్కొక్కటే నిలబెట్టి, చిగుళ్ళ రంగు కుదిర్చి తిరిగి పంపడం ఆమె పని. ఊళ్ళో పెద్దవాళ్ళు నవ్వే నవ్వుల్లో చాలాభాగం ఆమె బల్లమీదనుంచి వెళ్ళినవే. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగినవాళ్ళకు, కథకి అవసరం పడలేదని చెప్పేది. వృత్తి ధర్మమా అని ఆమెకు సినిమాల్లో ఒక చిక్కు వచ్చిపడింది. హీరో మూడువందల ఏళ్ళు వెనక్కి వెళ్తాడు. యంత్రం మీద ఆమెకు అభ్యంతరం లేదు. కానీ అక్కడ తిండికి లేని సైనికుడు నవ్వితే ముత్యాల వరస మెరుస్తుంది. ఆ దవడపళ్లు ఎవరు కట్టారో తేలేదాకా ఆమె కథను ముందుకు కదలనిచ్చేది కాదు.

అన్నయ్య లిఫ్టులు బాగుచేసేవాడు. రోజూ పైకీ కిందికీ తిరిగే మనిషి కాబట్టి కాబోలు, వెనక్కీ ముందుకీ తిరగడం అతనికి పెద్ద వింతగా తోచేది కాదు. తెరమీద ఏం చూపించినా నమ్మేవాడు. వదిన డ్రైవింగు నేర్పేది. పక్కసీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు పెట్టుకుని, భయస్తులను బజారు రద్దీలోకి దించే ఉద్యోగం. ఆమెకు సిద్ధాంతాలు పట్టవు. వెనక్కి వెళ్ళినవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడు, ఎవరి చెప్పులేసుకున్నాడు, ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పి వెళ్ళాడు, ఇవీ ఆమె ప్రశ్నలు. ఆదివారం మధ్యాహ్నం ఆట చూసి వచ్చి, ముగ్గురూ అన్నయ్యవాళ్ళ వంటింట్లో బల్ల చుట్టూ కూర్చునేవారు. లాయరమ్మ అభియోగం చదివేది. వదిన సాక్షులను ప్రవేశపెట్టేది. అన్నయ్య బిస్కెట్టు టీలో ముంచి, అది విరిగి పడేలోపు తీర్పు చెప్పేవాడు. తీర్పు ఎప్పుడూ ఒకటే: బాగుంది, ఇంకోసారి చూద్దాం.

ఒక ఉదయం పనికి వెళ్తూ బస్సు దిగుతుండగా అన్నయ్య గుండె ఆగిపోయింది. మెట్టు మీంచి కింద కాలు పెట్టాడో లేదో కూడా ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

ఆ తర్వాత కూడా ఆదివారాలు వచ్చాయి. మొదట్లో ఇద్దరూ సినిమా మాట ఎత్తలేదు. తర్వాత ఒకరోజు వదినే ఫోన్ చేసి, "కొత్తదేదో వచ్చిందట, మళ్ళీ గడియారం వెనక్కి తిప్పేదేనట, వస్తావా?" అని అడిగింది. వెళ్ళారు. వాదించుకున్నారు. కేసులు నడుస్తున్నాయి గానీ, ధర్మాసనం లేదు కనుక తీర్పులన్నీ వాయిదా పడుతున్నాయి. లాయరమ్మను మిగతా బాధల కంటే ఈ బాధే ఎక్కువగా తినేసేది. అన్నయ్య చూడని సినిమాలు పెరిగిపోతున్నాయి. మైనంలో పళ్లు గుచ్చుతూ, తనకు గనక అలాంటి యంత్రం దొరికితే ఏ రోజుకు వెళ్ళాలా అని ఆలోచించేది. బస్సు దిగిన రోజుకు కాదు. ఆ రోజుకు వెళ్ళాలన్న ధైర్యం ఆమెకు ఊహలో కూడా లేదు. ఏదో ఒక మామూలు ఆదివారానికి వెళ్ళి, ఇన్నాళ్ళూ వచ్చిన సినిమాల కథలన్నీ వరసగా చెప్పి, ఒక్కొక్కదానికీ అతనేమంటాడో విని వచ్చేస్తే చాలు. బాగుంది అనే అంటాడని తెలుసు. తెలిసినదాన్ని వినాలనుకోవడమే ఆ కోరికలో ఉన్న ఇబ్బంది.

అలా ఉండగా ఆ సినిమా వచ్చింది. కథ ఇది. ఒకామె భర్త పడవ ప్రమాదంలో పోతాడు. ఏళ్ళు గడిచాక ఆమె ఒక రొట్టెల దుకాణం ఆయన్ని పెళ్ళి చేసుకుంటుంది. మంచివాడు, మాట తక్కువ. తర్వాత పాత ఇంట్లో ఒక తలుపు తెరిస్తే ఆమెకు పడవ బయల్దేరే రోజు కనిపిస్తుంది. లోపలికి వెళ్తుంది, మొదటి భర్తను ఆపుతుంది. ఇద్దరూ ఒడ్డున నిలబడి ఖాళీగా వెళ్ళిపోతున్న పడవను చూస్తుండగా శుభం.

వంటింట్లో లాయరమ్మ ఆ రోజు విచిత్రంగా డిఫెన్సు పక్షాన నిలబడింది. పళ్ల సంగతి కూడా ఎత్తలేదు. కథ కట్టుదిట్టంగా ఉందనీ, మొదటి సగంలో వేసిన ప్రతి ముడీ రెండో సగంలో విప్పాడనీ, ఇన్నాళ్ళకు ఒకడు వెనక్కి వెళ్ళి చేయవలసిన పని చేసి వచ్చాడనీ మెచ్చుకుంది. వదిన వింటూ స్పూనుతో టీ కలుపుతోంది. ఆమె టీలో పంచదార వేసుకోవడం మానేసి చాలాకాలమైంది.

"అన్నీ బాగానే ఉన్నాయి. మరి ఆ రెండో ఆయన ఏమవుతాడు?" అంది వదిన.

లాయరమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పడవ ప్రమాదం జరగలేదు కాబట్టి ఆమె విధవ కాలేదు. కాలేదు కాబట్టి ఆ దుకాణానికి వెళ్ళలేదు. వెళ్ళలేదు కాబట్టి అతనెవరో ఆమెకు తెలియదు. ఎక్కడో రొట్టెలు కాల్చుకుంటూ ఉంటాడు. కథకి ఇక అతనితో పని లేదు.

"ఆవిడకి గుర్తుంటాడుగా?"

"గుర్తుంటే కథ పాడైపోతుంది వదినా. ఇద్దర్నీ గుర్తుపెట్టుకుని ఒకరితో కాపురం ఎలా చేస్తుంది?"

"చెయ్యరంటావా?"

లాయరమ్మ ఆ ప్రశ్నను కూడా స్క్రిప్టుకు సంబంధించిందే అనుకుంది. రచయిత ఒక సీను రాసి ఉండాల్సిందనీ, రొట్టెల ఆయన లైటు ఆర్పేటప్పుడు కారణం తెలియకుండా ఒక్కక్షణం ఆగినట్టు చూపిస్తే సరిపోయేదనీ చెప్పసాగింది. వదిన స్పూను సాసరులో పెట్టింది.

"నేనడిగేది అది కాదే. నీకేమవుతాడు అని అడుగుతున్నాను."

ఏమవుతాడు అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. అతనికేం జరుగుతుంది అని ఒకటి, నీకు ఏ వరస అని ఒకటి. మాటల మీదే బతికే లాయరమ్మ, ఎదురుగా కూర్చున్న మనిషి ఏ అర్థంలో అడుగుతోందో గుర్తుపట్టకుండా అరగంటగా మొదటి అర్థానికే జవాబు చెబుతోంది.

తర్వాత సంగతంతా వదిన నెమ్మదిగా, గేరు మార్చినంత జాగ్రత్తగా చెప్పింది. ఆయన సోఫాలు కుట్టే ఆయన. డ్రైవింగు నేర్చుకోవడానికి వచ్చాడు. ఎదురుగా లారీ వస్తే కళ్ళు మూసుకునేవాడు. పరీక్ష తప్పాడు, మళ్ళీ తప్పాడు. నడపడం వచ్చాక కూడా ఇంకో నాలుగు క్లాసులు కావాలన్నాడు. పెళ్ళి చేసుకుందామనుకుంటున్నారు. చిన్నగా, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి. లాయరమ్మ ఒప్పుకుంటేనే అని వదిన అనలేదు. అనకపోవడం కూడా మర్యాదే.

లాయరమ్మకు అభ్యంతరం లేదు. నిజంగానే లేదు, లోపలంతా వెతికి చూసుకుంది. కళ్ళు మూసుకుని స్టీరింగు పట్టుకునే మనిషిని కాదనడానికి ఆమెకు కారణం దొరకలేదు. చిక్కల్లా వరసతో వచ్చింది. ఈవిడ వదిన అయితే, ఈవిడ భర్త అన్నయ్య అవుతాడు. దీనికి ఏ కోర్టులోనూ అప్పీలు లేదు. దారిలో అడ్రసు అడగడానికి ఎవరినైనా అన్నా అని పిలవడం వేరు. ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర, అన్నయ్యా అని పిలిస్తే ఒక్కడే పలికేవాడు.

ఆ మాట పైకి అనకముందే వదిన పట్టేసింది. "నన్ను అక్కా అని పిలు. అప్పుడాయన బావ అవుతాడు. నీకు ఇబ్బంది ఉండదు" అంది, కుర్చీ ఇటు జరిపితే సరిపోతుంది అన్నట్టు. సొంత పదవికి ఆవిడే రాజీనామా రాసి, సంతకం కూడా పెట్టేసింది.

లాయరమ్మ ఇంటికి వెళ్ళి, గదిలో ఒంటరిగా, అక్కా అని అని చూసింది. కొత్త సెట్టు పెట్టుకున్నవాళ్ళకు నాలుక ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉంది. పైగా అందులో ఆమెకు తెలిసిన ప్రమాదమే ఉంది. తాను ఎన్నో సినిమాల్లో ఎత్తి చూపిన ప్రమాదమే. వదిన ఎందుకు వదిన అయింది? మధ్యలో ఒక మనిషి ఉన్నాడు కనుక. ఇవాళ ఆవిడను అక్కను చేస్తే, ఎవరో వెనక్కి వెళ్ళి ఆ ఒక్కడినీ కథలోంచి తీసేసినట్టు అవుతుంది. మిగతావాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉంటారు, బల్ల ఉంటుంది, టీ ఉంటుంది, అతనొక్కడే ఎన్నడూ లేనట్టు. వదినగానే ఉంచితే, అన్నయ్య అన్న మాట ఇంకొకరి పాలవుతుంది. ఎటు వెళ్ళినా అన్నయ్యే పోతున్నాడు.

పెళ్ళి జరిగింది. లాయరమ్మ సాక్షి సంతకం పెట్టింది, ఇద్దరి పక్కనా నిలబడి ఫొటో దిగింది, పెళ్ళికొడుకు మొదలుకుని ఎవరినీ ఏమనీ పిలవలేదు. మనిషిని పిలవకుండా మాట్లాడటంలో మన భాష ఎంత ఉదారమైనదో ఆమెకు అప్పుడే తెలిసింది. ఇదిగో అనొచ్చు. ఏమండీ అనొచ్చు. గొంతు సవరించుకోవచ్చు. ఆయన అటు తిరిగి ఉంటే ఇటు తిరిగేదాకా ఆగొచ్చు. ఒకసారి ఆయన గొడుగు మర్చిపోయి వెళ్తుంటే, పిలవలేక వీధి చివరిదాకా వెనకాలే నడిచి చేతికిచ్చి వచ్చింది. వదిన విషయంలో కూడా అంతే. ఫోన్ ఎత్తగానే "నేనే" అనేది. అవతలనుంచి కూడా "నేనే" అని వచ్చేది. ఇద్దరు నేనేలు కాసేపు మాట్లాడుకుని పెట్టేసేవారు.

ఆదివారం సినిమాకు ఇప్పుడు ముగ్గురు వెళ్తున్నారు. ఒకటి రెండు సినిమాలు వచ్చిపోయాయి. సోఫాల ఆయన నోరు విప్పలేదు. లాయరమ్మ కూడా వాదించడం తగ్గించింది. చెప్పినదానికల్లా తల ఊపే కొత్త మనిషి ముందు వాదిస్తే, పాత తీర్పు వినపడుతుందేమోనని భయం. వినపడదేమోనని ఇంకా ఎక్కువ భయం.

మూడో సినిమాలో ఎప్పటిదో పాతకాలపు గుమాస్తాకు భవిష్యత్తులోంచి తన గొంతుతోనే ఫోన్ వస్తుంది. వంటింట్లో కూర్చున్నాక, సోఫాల ఆయన చాలాసేపు టీ కప్పు చెవిని తడుముతూ ఉండి, ఆ ఫోన్ సంగతి తనకు తెలియదుగానీ, ఆ గుమాస్తా కూర్చున్న సోఫాలో ఉన్న స్పాంజి ఆ రోజుల్లో ఇంకా రాలేదన్నాడు. అప్పట్లో కొబ్బరిపీచు పెట్టేవారు. మనిషి కూర్చుంటే అలా దిగబడడు, కాస్త ఎత్తుగా, ఇబ్బందిగా ఉంటాడు. అంత మెత్తగా కూర్చున్నవాడు భయపడుతున్నాడంటే నమ్మడం కష్టమన్నాడు. సినిమా అంతా ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడట.

లాయరమ్మ కప్పు కింద పెట్టింది. ఇన్నాళ్ళూ ఆమె ఆయన్ని ధర్మాసనం మీద కూర్చోబెట్టి భయపడుతోంది. ఆయన ఆ దిక్కుకే రాలేదు. ఆమె పక్కనే, అదే నల్లకోటు వేసుకుని నిలబడి ఉన్నాడు. ఒకే కేసులో ఇద్దరు లాయర్లున్నాక ఆమె ఊరుకోగలదా?

"అది కాదు బావగారూ, స్పాంజి సంగతి తర్వాత. తన గొంతు తాను ఫోన్‌లో గుర్తుపట్టడమేమిటి అసలు? మన గొంతు మనకి అలా వినిపించదు. నువ్వు చెప్పు వదినా, నీ గొంతు రికార్డు చేసి వినిపిస్తే నీదే అనుకుంటావా?"

సోఫాల ఆయన, కొలత తప్పిన గుడ్డను చూసినట్టు, ఆమెనూ వదిననూ మార్చి మార్చి చూశాడు.

"ఒక్క నిమిషమండి. ఈవిడ మీకు వదినైతే నేను బావనెలా అవుతాను? అన్నయ్యను కావాలి కదా?"

"ఆ చోటు ఖాళీ లేదండి," అంది లాయరమ్మ.

ఆయన కాస్త ఆలోచించి, మర్యాదగా తల ఊపాడు. స్టవ్వు మీద టీ రెండోసారి పొంగడానికి వచ్చింది. వదిన లేచి మంట తగ్గించి, వెనక్కి తిరక్కుండా అక్కడే నిలబడింది.

"వదిన మొగుడు బావ. ఎక్కడా కుదరదే ఇది," అంది.

"కుదరదు. ఉండనీ."

వదిన గిన్నె దించి, ముగ్గురికీ పోసింది. లాయరమ్మ తన కప్పు దగ్గరికి లాక్కుని, ఇంతకీ ఆ కొబ్బరిపీచు ఎప్పటిదాకా పెట్టేవారని బావగారిని అడిగింది.