గిన్నెల స్కూటరు

ఈ రోజు పొద్దున నేనొక తప్పు చేశాను. తెలిసే చేశాను. దోర్నపాల్ బస్టాండు పక్కన ఉన్న నా ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణానికి ఎర్రబోరు ఊరి నుంచి కన్నయ్య అనే ఆయన వచ్చాడు. సంతలు తిరిగి ఎండుచేపలు అమ్ముకునే మనిషి. సైకిలు తొక్కలేక పాత మోటారుసైకిలు ఒకటి కొనుక్కుని, దానికి బీమా చేయించమన్నాడు. ఆయనతో వచ్చిన ఎండుచేపల వాసన దుకాణమంతా నిండిపోయింది. బండి వాడకం ఏమిటని అడిగే గడిలో 'వ్యాపారం' అని నొక్కితే ఆ వెబ్‌సైటు ఇంకో నాలుగు కాగితాలు అడుగుతుంది, మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. విసుగెత్తి 'సొంత వాడకం' అని నొక్కేశాను.

"ఎవరైనా అడిగితే అత్తగారింటికి పోతున్నానని చెప్పు," అన్నాను.

"రెండు బుట్టల ఎండుచేపలతోనా సారూ? అట్ల పోతే మా అత్త తలుపేస్కుంటది," అని నవ్వాడు. "సంతలకే అని రాయరాదుండ్రి."

"చెప్పింది చెయ్యి, నాకు పనుంది," అని కసిరాను. ఆయన కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. రేపు కొంటా ఊళ్లో సంత. సరుకుతో పోతూ దారిలో ఏదైనా జరిగితే ఆ కాగితం దేనికీ పనికిరాదని నాకు తెలుసు. ఆయనకు తెలియదు.

నాకు చిన్నప్పటి నుంచే తెలుసు. మా నాన్న భద్రాచలం వైపు నుంచి సరిహద్దు దాటి ఇక్కడికి వచ్చి, ఇదే రోడ్డు వెంట సైకిలు మీద సంతలు తిరిగి స్టీలు గిన్నెలు అమ్మేవాడు. నేను నాలుగో తరగతిలో ఉండగా కిరందుల్ గనుల్లో పనిచేసే ఒక తెలుగాయన దగ్గర పాత స్కూటరు కొన్నాడు, ఆకాశరంగుది. ఇప్పపూలు రాలే కాలమది. వీధిలో ప్రతి ఇంటి ముందూ ఆరబోసిన పూల తియ్యని మత్తు వాసన మధ్య, నానమ్మ స్కూటరు దీపానికి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. అమ్మ బెల్లం బూరెలు వండింది. సంత రోజున నాన్న గిన్నెలను ఒకదాంట్లో ఒకటి దూర్చి, మధ్యలో పాత హిందీ పేపర్లు కుక్కి, చిరిగిన ట్యూబు పట్టీలతో వెనక సీటుకు బిగించేవాడు. బండి కదలగానే మూతలు గలగలలాడేవి. మేము చింతగింజలాట మధ్యలోనే వదిలి మలుపు దాకా పరిగెత్తేవాళ్లం. గోండీలో ధర చెప్పి, హల్బీలో బేరమాడి, పోలీసులకు హిందీలో దండం పెట్టి, సాయంత్రం ఇంటికొచ్చి మాతో తెలుగులో నవ్వేవాడు. ఒక్కోసారి ఆకుదొన్నెలో ఎర్రచీమల పచ్చడి తెచ్చేవాడు. పుల్లగా, కారంగా, నాలుక చివర చురుక్కుమనేది.

ఒక వానాకాలం ఎర్రబోరు దాటాక బండి జారింది. నాన్న కాలు విరిగింది, స్కూటరు ముందు భాగం నుజ్జయింది, గిన్నెలన్నీ బురద పాలయ్యాయి. బీమా వస్తే బండి బాగవుతుందని, సంతలు మళ్లీ మొదలవుతాయని ఇంటిల్లిపాదీ ఎదురుచూశాం. చివరికి బీమా కంపెనీ సర్వేయరు వచ్చాడు. టీ తాగుతూ, మీ నాన్న ఈ బండి మీద ఎక్కడికి పోతాడని నన్ను ముద్దుగా హిందీలో అడిగాడు. ఏ రోజు ఏ సంతో వరసగా చెప్పాను. వెనక ఎన్ని గిన్నెలు పడతాయో చేతులు చాపి మరీ చూపించాను. ఆయన అంతా రాసుకున్నాడు. బీమా కాగితంలో సొంత వాడకమని ఉంది కాబట్టి ఏమీ రాదని తర్వాత కబురొచ్చింది. స్కూటరు పాత ఇనుప సామాన్లవాడికి పోయింది. నాన్న కుంటుకుంటూ మళ్లీ సైకిలు పట్టాడు.

"నీ నోరు పడిపోను, ఆయన అడిగితే మాత్రం అట్ల వాగుడేందిరా?" అంది నానమ్మ.

"పోరణ్ణి ఏమనకే అమ్మా," అన్నాడు నాన్న మంచం మీంచి. "వాడు ఉన్న మాటే చెప్పిండు. కాగితంల అబద్ధం రాయించింది నేను."

రెండు మాటలూ విన్నాను. నానమ్మ తిట్టునే మనసులో పెట్టుకున్నాను. నోరు మూసుకోవడం నేర్చుకున్నాను, ఇన్నేళ్లుగా నా దుకాణానికి వచ్చేవాళ్లకు అదే నేర్పుతున్నాను. ఇప్పుడు ఆ రకం స్కూటర్లు లేవు. స్టీలు గిన్నెలు రోడ్డు పక్క కొట్లలోనే దొరుకుతున్నాయి. ఒకే సంతలో మూడు భాషలు మాట్లాడే నాన్న లేడు, తిట్టే నానమ్మా లేదు. చింతగింజలతో ఆడే పిల్లలు మా వీధిలో కనిపించి చాలా కాలమైంది.

మధ్యాహ్నం దుకాణం మూసి ఎర్రబోరు వెళ్లాను. కన్నయ్య ఇంటి ముందు బండికి బుట్టలు కడుతున్నాడు. జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను.

ఆయన చేతిలోని తాడు వదిలేశాడు. "పొద్దున నేను అదే అంటే మీదపడితిరి గద సారూ?"

"అవును," అన్నాను.

ఆయన్ను నా బండి మీద దుకాణానికి తీసుకొచ్చి, ఆ బీమా రద్దుకు పెట్టి, అడిగిన కాగితాలన్నీ జతచేశాను. వెబ్‌సైటు మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ మొదటి నుంచి నింపాను. ఎండుచేపల వ్యాపారమని రాసి, ఆయనకు చదివి వినిపించాను. కొత్త కాగితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుందట. అందాకా సరుకుతో బండి తియ్యొద్దన్నాను. రేపటి సంత పోయినట్టేనని ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

రేపు దుకాణం ఉండదని కాగితం రాసి తలుపుకు అంటించాను. పొద్దున మొదటి బస్సులో వస్తానని, ఎర్రబోరులో ఆయన బుట్టలతో అదే బస్సెక్కితే సంతకు పోదామని, ఒక బుట్ట నేను మోస్తానని చెప్పాను.

కన్నయ్య నన్ను కిందికీ మీదికీ చూశాడు. "సంతల ఊర్కె కూసుంటే కుదరదు సారూ. అరిచి అమ్మాలె."

అమ్ముతానన్నాను.