లైనక్క, చుక్కల ప్రింటరు

లైనక్కకు చూపు లేదన్న సంగతి ఆ బడిలో కొత్తగా చేరినవాళ్ళకు రెండో రోజున గానీ బుర్రకెక్కదు. మొదటి రోజంతా ఆమె నోటికి భయపడటంతోనే సరిపోతుంది.

అంధుల బడిలో ముద్రణ గది ఆమె రాజ్యం. పొడుగాటి బల్ల, దాని మీద ఒక కంప్యూటరు, అటూ ఇటూ రెండు ప్రింటర్లు. ఒకటి సిరాతో అక్షరాలు వేసే మామూలుది, కళ్ళున్నవాళ్ళ ఉత్తరాలకు పనికొచ్చేది. రెండోది చుక్కల ప్రింటరు. దళసరి కాగితాన్ని సూదులతో పొడిచి, వేలికి తగిలేలా బ్రెయిలీ చుక్కలు లేపుతుంది. అది పని మొదలుపెడితే పక్క గదిలో పాఠం చెప్పే టీచరు గొంతు పెంచుకోవాల్సిందే. ఎవరైనా వచ్చి మొత్తుకుంటే, "పనిచేసేవాళ్ళకు చప్పుడుంటుంది. మీ గదిలోంచి ఏ చప్పుడూ రావడం లేదు, అది చూసుకోండి ముందు" అని పంపేసేది.

ఆ పేరు ఆమెకు పాత ఉద్యోగం నుంచి వచ్చింది. వయసులో ఉన్నప్పుడు ఒక పెద్దాసుపత్రి టెలిఫోను గదిలో పనిచేసింది. రోజంతా చెవికి తగిలించుకున్న గొట్టం, నోట్లో ఒకటే మాట, "లైన్లో ఉండండి". అవతలివాళ్ళు ఊపిరి తీసుకునే తీరును బట్టి కాన్పుల వార్డుకు కలపాలో, ప్రమాదాల వార్డుకు కలపాలో పోల్చుకునేది. తర్వాత ప్రతి డాక్టరు జేబులోకీ ఒక ఫోను వచ్చింది. టెలిఫోను గది మూతపడింది. ఆమెకు ఒక కుర్చీ ఇచ్చి, పని మాత్రం ఇవ్వలేదు. "ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తే అన్నం సహించదు నాకు" అని ఆ కుర్చీ వదిలేసి ఈ బడికి వచ్చేసింది.

అప్పటికి చుక్కల ప్రింటరు అట్టపెట్టెలోనే ఉంది. దాన్ని కంప్యూటరుకు కలిపే దిక్కులేక, బడివాళ్ళు ఆ పెట్టె మీద హాజరు పుస్తకాలు పెట్టుకుంటున్నారు. ఆమె ఆ పుస్తకాలన్నీ దింపించింది. ప్రింటరుతో వచ్చిన సూచనలను గుమాస్తా చేత చదివించుకుంది. అతని గొంతెండిపోతే మంచినీళ్ళిచ్చి మళ్ళీ చదివించింది. వారం తిరక్కుండా ఆ యంత్రం టకటకమంది. ఇందులో మాయా మంత్రం ఏమీ లేదు. ఫోను కలిపిన బుద్ధితోనే ఆమె ప్రింటరునూ కలిపింది.

"కాల్ కలవలేదంటే తప్పు ఈ కొసన ఉండాలి, ఆ కొసన ఉండాలి, లేదంటే మధ్య తీగలో ఉండాలి. మూడింటినీ విడివిడిగా పలికించాలి. ఏది పలకదో అదే దొంగ" అనేది.

ఇంత చక్కటి మాటను ఆ బడిలో ఒక్కరైనా చెవిన పెట్టారా అంటే, లేదు. వర్డ్‌లో ఉత్తరం టైపు చేసి ప్రింటు కొడితే రాలేదనుకోండి. ఎందుకు రాలేదని ఆలోచించేవాళ్ళు కాదు. ప్రింటరును కొత్తగా మరోసారి చేర్చేవాళ్ళు. దాంతో కంప్యూటరులో ఉన్న రెండు ప్రింటర్లకు బుట్టెడు పేర్లు పుట్టాయి. కాపీ ఒకటి, కాపీ రెండు, అలా. పైగా ఒక్కొక్కరికీ ఒక్కో కాపీ మీద గురి. పెద్ద టీచరమ్మకు కాపీ రెండు అచ్చొచ్చింది. లెక్కల టీచరు కాపీ మూడును తప్ప నమ్మడు. పుండొకచోట, మందొకచోట. లైనక్క నెలకోసారి ఆ పేర్లన్నీ చెరిపి, "ఇంట్లో ఉన్నది ఇద్దరు, రేషను కార్డులో పదిమంది" అని తిట్టిపోసేది. మరుసటి నెలకు మళ్ళీ మామూలే.

ఇక దర్జీ సంగతి. ఊరి నడిబొడ్డున కుట్టు మిషను పెట్టుకుని బతికిన మనిషి. నడివయసులో కళ్ళు కొద్దికొద్దిగా మసకబారి, చివరికి పూర్తిగా పోయాయి. అప్పుడు ఈ బడికి వచ్చి, చిన్నప్పుడు వదిలేసిన పదో తరగతి మళ్ళీ మొదలుపెట్టాడు. చుక్కలు అతని వేలికి అందలేదు. ఏళ్ళ తరబడి సూది పొడిచి, కత్తెర ఒరిసి కుడిచేతి వేళ్ళు కాయలు కాసిపోయాయి. టీచర్లు పెదవి విరిచారు. లైనక్క అతని రెండు చేతులూ పట్టుకుని వేలు వేలూ తడిమి చూసింది. ఎడమచేతి ఉంగరపు వేలి దగ్గర ఆగింది.

"ఈ వేలికి నువ్వు ఎప్పుడూ పని చెప్పలేదు తమ్ముడూ. ఇప్పుడు చెప్పు" అంది.

ఆ వేలితోనే అతను చదవడం నేర్చుకున్నాడు. నత్త నడక నడిచినా నేర్చుకున్నాడు.

కిందటేడు పరీక్షలో అతనికి చదివి వినిపించే మనిషిని ఇచ్చారు. ప్రశ్న మళ్ళీ చదవమంటే ఆ మనిషి విసుక్కున్నాడు. మూడోసారి అడగలేక దర్జీ తోచింది రాశాడు, తప్పాడు. ఈసారి చుక్కల కాగితం కావాలని ముందే రాసిచ్చాడు. దానికి పరీక్షలవాళ్ళు ఒప్పుకున్నారు గానీ ఒక మెలిక పెట్టారు. ప్రశ్నపత్రం పరీక్ష రోజు పొద్దున్నే వస్తుంది. బడివాళ్ళే చుక్కల్లో అచ్చు తీయాలి. గంట కొట్టేలోపు అది చేతికి అందకపోతే మళ్ళీ చదివి వినిపించే మనిషే గతి.

"అందిస్తాను. నువ్వు వేలు కడుక్కుని కూర్చో" అని లైనక్క మాటిచ్చేసింది.

పరీక్ష రోజున పెద్ద టీచరమ్మ కవరు సీలు తీసి, అందులోని పెన్‌డ్రైవును కంప్యూటరుకు పెట్టి, పత్రాన్ని వర్డ్‌లో తెరిచి, ప్రింటు కొట్టింది. చుక్కల ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ కొట్టింది. గుమాస్తా వచ్చి తానూ నాలుగుసార్లు కొట్టాడు. తర్వాత జాబితాలో ఏదో పేరు నొక్కాడు. ఈసారి గదిలో ఏదో కదిలి, బరబరా కాగితాలు వచ్చాయి. వరండాలో ఉన్న లైనక్క దగ్గరికి వాటిని పట్టుకుని ఒకటే పరుగు.

"వచ్చేసిందక్కా! నాలుగు పేజీలూ వచ్చేశాయి!"

లైనక్క అరచెయ్యి కాగితం మీద పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి జరిపింది.

"ఏం వచ్చింది? తెల్లకాగితం తెచ్చావు."

"తెల్లకాగితమేంటక్కా, నిండా అక్షరాలుంటే..." అని నాలిక్కరుచుకున్నాడు.

"ఆ అక్షరాలు నీకు. పరీక్ష నీదా?" అని ఆమె గదిలోకి నడిచింది.

మాట గట్టిగానే అంది గానీ, ఆమె చెవి గోడ వైపే ఉంది. గోడ అవతల పరీక్ష గదిలో దర్జీ కూర్చుని ఉన్నాడని తెలుసు. చదివి వినిపించడానికి వచ్చిన పెద్దమనిషి గుమ్మం దగ్గర దగ్గుతున్నాడు. "నేను నిదానంగా చదువుతానండీ, కంగారు పడకండి" అని అతను అన్నాడు కూడా. మంచివాడే, పాపం. కానీ దర్జీకి కావలసింది మంచివాడు కాదు, కాగితం.

"అందరూ చేతులు తీయండి. ఎవరూ ఏదీ నొక్కొద్దు" అంది లైనక్క.

ఆమె పద్ధతే అంత. యంత్రాన్ని ముట్టుకునే ముందు మనుషులను ఆపుతుంది. చుక్కల ప్రింటరును ఆపి, ఒక మీట నొక్కి పట్టుకుని మళ్ళీ వేసింది. అలా వేస్తే అది కంప్యూటరుతో పని లేకుండా తనంత తానే ఒక పేజీ కొట్టుకుంటుంది. టకటకా కొట్టింది. ఆ కొస పలికింది. తర్వాత వర్డ్‌ను పక్కన పెట్టి, వట్టి నోట్‌ప్యాడ్‌లో ఒక ముక్క టైపు చేసి పంపింది. రాలేదు.

"వర్డ్‌ను ఆడిపోసుకోకండి, దాని తప్పు లేదు. మధ్యలో తెగింది" అని గుమాస్తా వైపు తిరిగింది. "నువ్వు పొద్దున్నుంచి ఏం చేశావో వరసగా చెప్పు."

"నేనేం చేయలేదక్కా."

"ఎవరూ ఏమీ చేయకుండా విరిగిపోయేవి పాలొక్కటే నాయనా. చెప్పు."

"వచ్చాను. ఫ్యాను వేశాను. కంప్యూటరు వేశాను. బల్ల తుడిచాను. అంతే."

కంప్యూటరులో మాట్లాడే ప్రోగ్రాము ఒకటి ఉంది. తెర మీద ఉన్నదంతా పైకి చదువుతుంది. లైనక్క ప్రింటర్ల జాబితా చదివించింది. అది ముక్కుతో మాట్లాడినట్టు మొదలుపెట్టింది. బ్రెయిలీ ప్రింటర్, ఆఫ్‌లైన్. కాపీ ఒకటి, ఆఫ్‌లైన్. అలా వెళ్ళి వెళ్ళి, చిట్టచివర కాపీ నాలుగు, సిద్ధం.

"ఇది నిన్న లేదు. మీలో ఎవరైనా చేర్చారా?" అంది.

ఎవరూ చేర్చలేదన్నారు. అది నిజమే. ఆమె లేచి కంప్యూటరు వెనక చెయ్యి పెట్టి తడిమింది. ప్రింటరు తీగ ఎప్పుడూ ఉండే రంధ్రంలో లేదు, పక్క రంధ్రంలో ఉంది. దాని సొంత రంధ్రంలో మరో తీగ ఉంది. ఆ తీగ పట్టుకుని లాగితే, కొసన గుమాస్తా ఫోను వెచ్చవెచ్చగా చేతికొచ్చింది.

గుమాస్తా నీళ్ళు నమిలాడు. "ఛార్జింగు లేదక్కా... ఈ రంధ్రం చేతికందుతుంది కదా అని... దాని తీగ మళ్ళీ పక్కన పెట్టేశాగా!"

"పెట్టావు. నువ్వు గుమ్మం మార్చావు. కంప్యూటరేమో కొత్తవాడెవరో వచ్చాడనుకుని కొత్త పేరు పెట్టింది. వర్డ్ మాత్రం పాత గుమ్మం దగ్గరే నిలబడి తలుపు కొడుతోంది."

"అయితే ఆ కాపీ నాలుగుకే కొట్టేద్దాం" అంది పెద్ద టీచరమ్మ, గడియారం వంక చూస్తూ.

"వద్దమ్మా. కాగితం కొలత, వరసకు ఎన్ని చుక్కలన్నది, అవన్నీ పాతదాంట్లోనే సరిచేసి ఉన్నాయి. కొత్తదాంట్లో కొడితే లెక్కలు వరస తప్పుతాయి. అతను కూడిక అనుకుని తీసివేత చేస్తాడు" అంది.

గుమాస్తా గబగబా తీగ పాత రంధ్రంలో పెట్టబోయాడు. లైనక్క అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగు. మీరంతా కలిసి ఎన్నిసార్లు కొట్టారు? అవన్నీ పాత పేరు కింద వరసలో నిలబడి ఉంటాయి. తీగ పెట్టగానే అన్నీ ఒకేసారి ఎగబడతాయి. ముందు వాటిని ఇళ్ళకు పంపాలి."

పెండింగులో ఉన్నవన్నీ తీసేసింది. తీగ సొంత రంధ్రంలో పెట్టింది. మాట్లాడే ప్రోగ్రాము, "బ్రెయిలీ ప్రింటర్, సిద్ధం" అంది. తర్వాత వర్డ్‌ను పూర్తిగా మూసి మళ్ళీ తెరిచింది, పాత సంగతులు పట్టుకుని వేలాడకుండా. ప్రింటరు పేరు చెవితో సరిచూసుకుని, ముందుగా ఒక్క పేజీ పంపింది.

టకటకటక. ఆ చప్పుడుకు పెద్ద టీచరమ్మ అంతటి మనిషి చప్పట్లు కొట్టింది. లైనక్క మాత్రం పేజీ చేతిలోకి తీసుకుని, పై వరస నుంచి కింది వరస దాకా వేలితో చదివి, "ఊఁ, మిగతావి" అంది. పేజీలు సరిచూడటం ఆమె బాధ్యతే. ఆఖరి పేజీ వేడిగా ఉండగానే గుమాస్తా వాటిని పట్టుకుని పరుగెత్తాడు. అతను వాటిని దర్జీ చేతిలో పెడుతుండగా గంట కొట్టారు.

గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఉంగరపు వేలు చదువుతుంటే చప్పుడు ఉండదు. లైనక్క అప్పుడు కూర్చుంది. గుమాస్తా తన డబ్బులతో టీ తెచ్చి ఇస్తే, "ఫోను ఛార్జింగుకు గోడకు ప్లగ్గుంది, నీకు కళ్ళున్నాయి" అని, టీ మాత్రం తాగింది.

పరీక్ష అయ్యాక దర్జీ భార్య వచ్చింది. వరండా బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. లైనక్క గది తాళం వేస్తోంది. దర్జీ ఒళ్ళో కాగితాలు పరుచుకుని, భార్యకు ప్రశ్నలు చదివి వినిపిస్తున్నాడు. నెమ్మదిగా, అక్షరం కూడబలుక్కుంటూ. మొదటిది చదివాడు. "రాశారా?" అందామె. "రాశాను." రెండోది, మూడోది. తర్వాత ఐదోది.

లైనక్క చేతిలో తాళం ఆగింది. నాలుగో ప్రశ్న ఎలాంటిదో ఆమె వేలికి తెలుసు. పేజీ సగం ఉన్న లెక్క. పొరపాటు కనిపిస్తే దిద్దకుండా వెళ్ళడం ఆమె ఒంట్లో లేదు. భార్య సీసాలో నీళ్ళు పట్టడానికి అటు వెళ్ళగానే, దగ్గరికి వచ్చింది.

"తమ్ముడూ, ఒకటి వదిలేశావు."

"నాకు రాలేదక్కా అది" అన్నాడు దర్జీ గొంతు తగ్గించి. "మిగతావన్నీ రాశాను, గట్టెక్కుతాను. కళ్ళు పోయినప్పటి నుంచి మా ఇంటికొచ్చిన ప్రతి కాగితం ఆవిడే చదివింది నాకు. డాక్టరు రాసిందైనా, కొట్టు ఖాళీ చేయమన్న నోటీసైనా. చదువుతూ చదువుతూ మధ్యలో ఎక్కడో ఆగేది, గుటక మింగి మళ్ళీ మొదలుపెట్టేది. ఏదో దాటేసిందని తెలిసేది, ఏం దాటేసిందో తెలిసేది కాదు. నేనూ ఒక్కసారి దాటేద్దామనుకున్నా. దాటేయాలంటే ముందు మనం చదవగలగాలి కదక్కా."

లైనక్క వెనక్కి వెళ్ళి గదికి తాళం వేసింది.

భార్య నీళ్ళ సీసాతో వచ్చి పక్కన కూర్చుంది. "ఇంకేమైనా ఉందా అందులో?" అంది.

"అంతే" అన్నాడు దర్జీ, కాగితాలు మడుస్తూ.

"అంతేనమ్మా. నేనే అచ్చు తీశాను" అంది లైనక్క.