రెండో కుర్చీ

రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోగానే కింది వాటాలోని టీచరమ్మ వాకిట్లో రెండు కుర్చీలు తుడిచి వేస్తుంది. ఒకదాంట్లో తాను కూర్చుని, మెడ నొప్పి పుట్టేదాకా ఐదో అంతస్తు బాల్కనీకేసి చూస్తుంది. అక్కణ్ణుంచి, వదినా అని పిలుచుకునే నేస్తం చెయ్యి ఊపుతుంది. లిఫ్టు చెడి మూడు నెలలైంది. మోకాళ్ల నొప్పులతో ఆమె దిగలేదు, ఆయాసంతో ఈమె మెట్లెక్కలేదు. మరమ్మతు ఖర్చు మాకెందుకని కింది వాటాలవాళ్లు మొండికేస్తే, తన వంతు ముందుగా తెచ్చిచ్చింది టీచరమ్మే.

"లిఫ్టంటేనే మీకు హడలు కదా పిన్నిగారూ!" అని నవ్వాడు సెక్రటరీ.

"నేనెక్కడానికా నాయనా? మా వదిన దిగొద్దూ!"

ఆ మాటకు మిగతావాళ్లూ మెత్తబడ్డారు. ఈ ఉదయం లిఫ్టు కదిలింది. "చీర మార్చుకుని వస్తున్నా!" అని వదిన పైనుంచి కేకేసింది. టీచరమ్మ లేచి మెకానిక్ చెయ్యి పట్టుకుంది.

"అంతసేపు ఆగలేను బాబూ. కళ్లు మూసుకుంటాను, నన్ను పైకి తీసుకెళ్లవూ?"