ఎర్ర ముక్క వస్తే తుమ్ము

పక్కింటి మస్తాన్‌బీ గారి మనవరాలికి బొంత కుడుతున్నాను. పాత చీరల మూట ఆవిడే ఇచ్చారు. తెలుపు, ఎరుపు త్రిభుజాలు కలిపి నక్షత్రాలు వేస్తున్నాను. ఈ రోజు ఒకటి గమనించాను. మిషన్ తెల్ల ముక్క మీద నడిస్తే ఏమీ లేదు. ఎర్ర ముక్క మీదికి రాగానే తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు. మిరప ఘాటే!

పోయిన వారం కుళాయి దగ్గర మా ఇద్దరికీ జరిగిన గొడవ వెంటనే గుర్తొచ్చింది. సొంత మనవరాలి బొంతలో ఎవరైనా కారం చల్లుతారా అని కూడా ఆలోచించకుండా, పిలిచి అడిగేశాను.

"ఈ ఎర్ర చీరలో కారమేమైనా కట్టి ఇచ్చారా పిన్నిగారూ?"

ఆవిడ ముక్కను వాసన చూశారు. "నేనిచ్చిన వాటిల్లో ఎర్రచీరే లేదమ్మా. పోయినేడు మిరప కల్లంలో తాలుకాయలు ఏరేటప్పుడు నువ్వు తలకి చుట్టుకున్నావే, అదేగా ఇది?"

నిజమే. రంగు బాగుంటుందని మొన్న నేనే మా పెట్టెలోంచి తీసి కలిపాను. ఉతికిందో కాదో చూసుకోలేదు.

"పసిబిడ్డ పడుకునే బొంతమ్మా. కుళాయి సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా?" అని, నా జవాబు వినకుండానే వెళ్లిపోయారు.

అప్పట్నుంచీ తుమ్ముతూ ఎర్ర ముక్కలన్నీ విప్పుతున్నాను. కావాలని చేయలేదంటే, మీరైనా నమ్ముతారా?